బీడీ మానమన్నాం సరే, చేతికి ఏమిచ్చాం?



మా సంఘంలో ఒక సహోదరుడు ఉన్నాడు. మిర్చి టిక్కీలు మోసి లారీకెత్తే పని. చిన్నతనంలో మొదలైన బీడీ రోజుకు రెండు కట్టల దాకా వచ్చింది. పోయిన ఏడు ఉపవాస కూడికల్లో ముందుకొచ్చి, జేబులో ఉన్న కట్ట నా చేతిలో పెట్టి ఏడ్చాడు. సంఘమంతా హల్లెలూయా అన్నది. ఇరవై రోజులకే మందిరం వెనక గోడ దగ్గర పొగ తాగుతూ ఒక పెద్ద కంటబడ్డాడు. ఆ ఆదివారం ఆరాధనకు రాలేదు. పై ఆదివారమూ రాలేదు. ఇంటికి వెళ్తే తల వంచుకుని ఒక మాట అన్నాడు: "అయ్యగారూ, ప్రార్థనలో ఉన్నంతసేపూ బాగానే ఉంటది. లేచినాక ఈ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలవదు."

ఆ మాట నన్ను వదల్లేదు. 1 కొరింథీ 6వ అధ్యాయం తెరిచి, దేహం దేవుని ఆలయమని ఎన్నిసార్లు గద్దించానో! మానమని చెప్పాను గాని, కోరిక పుట్టిన ఆ పది నిమిషాలు ఎలా గడపాలో ఒక్కసారీ చెప్పలేదు.

అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో చేసిన ఒక చిన్న పరిశోధన 2011లో వెలువడింది. పొగతాగే 25 మందికి నికోటిన్ ప్యాచ్‌లు, సలహాలు ఇచ్చారు. వారిలో ఒక గుంపు చేత 12 వారాలు, వారానికి రెండుసార్లు, బరువులెత్తే వ్యాయామం చేయించారు. చివరికి ఆ గుంపులో 16 శాతం, మిగిలినవారిలో 8 శాతం మానేశారు. వినడానికి రెట్టింపే గాని, అంత చిన్న గుంపులో అది ఒకరిద్దరి తేడా. 2019లో 24 పరిశోధనలను, ఏడు వేల పైచిలుకు మందిని కలిపి చూసినవారు, వ్యాయామం తోడైతే ఎక్కువమంది శాశ్వతంగా మానేస్తారనడానికి రుజువు దొరకలేదన్నారు. ఇదీ దాచకుండా చెప్పాలి. అయితే కాసేపు ఒళ్లు కదిలిస్తే ఆ సమయానికి పొగ మీద కోరిక తగ్గుతుందని చాలా పరిశోధనల్లో తేలింది. మా సహోదరుడు అడిగింది ఆ కాసేపటి గురించే.

"రోజంతా మూటలు మోసేవాడికి మళ్లీ కసరత్తెందుకు?" అని మీరడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ పనిచోట చూడండి. ఊరికే కూర్చుంటే మేస్త్రి కేకలేస్తాడు, బీడీ ముట్టించి కూర్చుంటే ఏమీ అనడు. అంటే కూలివాడి విశ్రాంతికి బీడీయే చీటీ. మోత, బీడీ ఒకదానికొకటి ముడిపడిపోయాయి. కోరిక పుట్టిన వేళకు తానే ఎంచుకుని చేసే వ్యాయామం ఆ ముడిని వదులు చేస్తుందని నా నమ్మకం.

అందుకే రోజు విడిచి రోజు సాయంత్రం మందిరం ఆవరణలో నలుగురం కలుస్తున్నాం. ఖర్చేమీ లేదు. నీళ్లు నింపిన డబ్బాలు ఎత్తడం, బస్కీలు, గోడకు చేతులానించి దండీలు. తరువాత ప్రార్థన. ఇంటి దగ్గర కోరిక పుడితే ఇరవై బస్కీలు తీసి, గ్లాసుడు నీళ్లు తాగమన్నాను. గుండెజబ్బు, బీపీ ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు.

ఒక పెద్దాయనకు ఇది నచ్చలేదు. శరీర సాధకం వల్ల ప్రయోజనం కొంచెమేనని పౌలు తిమోతికి రాశాడు కదా అన్నారు. నిజమే. కానీ కొంచెం ఉందని కూడా పౌలే అన్నాడు. మునిగిపోయేవాడికి ఆ కొంచెం ఎందుకు ఇవ్వకూడదు? 1 రాజులు 19లో ఏలీయా చావు కోరుకుని చెట్టుకింద పడుకుంటే, దూత మొదట రొట్టె, నీళ్లు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తరువాత, హోరేబులో. దేవుడే శరీరాన్ని ముందు పట్టించుకుంటే, దాన్ని విడిచిపెట్టి ఆత్మతోనే మాట్లాడతాననడానికి నేనెవరిని?

ఆ సహోదరుడు పూర్తిగా జయించాడని సాక్ష్యం రాయలేను. మధ్యలో ఒక పెళ్లిలో మళ్లీ తాగాడు. అయితే ఈసారి దాక్కోలేదు. మర్నాడు సాయంత్రం వచ్చి, డబ్బా ఎత్తకముందే తనే చెప్పాడు. ముగ్గురం ఏమీ అనకుండా అతనితో కలిసి బస్కీలు తీశాం. ఇప్పుడు ఆదివారం ముందు వరసలో కూర్చుంటున్నాడు.

తోటి కాపరులారా, మన చుట్టుపక్కల పొలాల్లో పొగాకు పండుతుంది, మన బెంచీల మీద పొగతాగేవారు కూర్చుంటారు. పడినవాడిని బల్ల నుండి వెలివేయడానికి ముందు, అతనికి రావడానికి ఒక చోటు చూపించండి. మానాలనుకునేవారికి ప్రభుత్వ ఉచిత ఫోన్ సహాయం 1800-11-2356 ఉంది, ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, మందులున్నాయి. వాటిని వాడుకోవడం అవిశ్వాసం కాదు.

బలహీనులను బలపరచు ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.