పెద్దమనిషైతే తైక్వాండో మాన్పించాలా?

మా గురజాలలో ఓపీకి వచ్చే తల్లులు తరచూ అడుగుతుంటారు: "అమ్మాయి పెద్దమనిషైంది, తైక్వాండో మాన్పించమంటారా డాక్టరుగారూ?" వద్దు. అసలు అవసరం అప్పుడే. జీవితాంతం మోయాల్సిన ఎముకల గట్టిదనంలో పెద్ద వాటా 20 ఏళ్లలోపే ఏర్పడుతుంది. ఎగిరి తన్నడం, గట్టిగా అడుగేయడం ఎముకకు కావాల్సిన పనే. ఎత్తుగా తన్నితే 'లోపల ఏదో దెబ్బతింటుంద'న్న భయానికి వైద్యంలో ఆధారం లేదు. నెలసరిలోనూ ఓపికుంటే చేయొచ్చు. త్వరగా ఆయాసం వస్తుంటే ఆట మాన్పించే బదులు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాములకన్నా తక్కువుంటే రక్తహీనతే.

ఇది రెండు వేల ఏళ్లనాటి విద్య అని కొందరు మాస్టార్లు చెబుతుంటారు. కొరియాలో తెక్యోన్ అనే పాత కాలితన్నుల ఆట ఉన్నమాట నిజమే. కానీ 1945లో జపాన్ పాలన ముగిశాక, అక్కడి శిక్షణశాలల్లో కరాటే ప్రభావంతో రూపుదిద్దుకున్నదే నేటి తైక్వాండో. ఆ పేరు పెట్టింది 1955లో. తై అంటే కాలు, క్వాన్ పిడికిలి, డో మార్గం. 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్ పతక క్రీడ. పాతదైతేనే గొప్పనుకునే పల్నాటివాళ్లకు ఇది కాస్త నిరాశే! కండరాలకు మాత్రం చరిత్రతో పనిలేదు.

హెడ్‌గార్డు లేకుండా పోటీ ఆడించే మాస్టారు వద్దు. అది ఉన్నా తల లోపలి అదురు పూర్తిగా ఆగదు. దెబ్బ తగిలాక కళ్లు తిరిగినా, వాంతి అయినా ఆట ఆపి ఆసుపత్రికి తీసుకురండి. పక్కనే రెంటచింతల, ఎండల సంగతి తెలిసిందే. వేసవిలో ఉదయం ఏడులోపే సాధన ముగియాలి. ఊరికే బెల్టు రంగులు మారుస్తూ ఫీజులడిగే చోటికన్నా, వారానికి మూడు రోజులు చెమట పట్టించే చోటు నయం. చేర్చేముందు అక్కడ అమ్మాయిలు దుస్తులు మార్చుకునే గది, మరుగుదొడ్డి ఉన్నాయో లేదో ఒకసారి లోపలికెళ్లి చూసి రండి.