పిల్లలు రోడ్డు మీద, మనం అరుగు మీద

ఆషాఢం వచ్చిందంటే పెద్దాపురంలో ఇంకో మాట ఉండదు. మరిడమ్మ తీర్థం. జ్యేష్ఠ అమావాస్య నాడు మొదలైతే నెల పొడుగునా ఏదో ఒక వీధి సంబరం ఉంటూనే ఉంటుంది. చందా పుస్తకం గుమ్మంలోకి వస్తే లేదనే ఇల్లుండదు. పక్క వీధి వాళ్ళు ఎంత రాశారో చూసి, దాని మీద ఓ నూటపదహార్లు ఎక్కువ రాసే పౌరుషం మనది. నేనూ రాశాను, ఏటా రాస్తూనే ఉన్నాను.

2022లోనూ అలాగే రాశాను. ఆ ఏడాది బడులు జూలై 5న తెరిచారు. సరిగ్గా మన తీర్థం రోజులు. ఆ వారంలోనే రాష్ట్రంలో ఎన్నో ఊళ్ళలో పిల్లలు పుస్తకాల సంచీ భుజాన వేసుకుని బడి దాకా వచ్చి, లోపలికి వెళ్ళకుండా బయట రోడ్డు మీద కూర్చున్నారు. మూడో తరగతి పిల్లలు, నాలుగు, అయిదు చదివేవాళ్ళు. పక్కన వాళ్ళ అమ్మలు. కొన్నిచోట్ల ఊళ్ళోవాళ్ళు బడి గేటుకు తాళం వేశారు. "మా బడి మాకే కావాలి" అన్నదొక్కటే వాళ్ళ నినాదం. ఎనిమిదేళ్ళ పిల్లకి అంతకంటే పెద్ద నినాదం తెలియదు, తెలియనక్కర్లేదు కూడా.

అంతకు నెల ముందు, జూన్ 10న జీవో 117 వచ్చింది. కిలోమీటరు లోపల హైస్కూలు ఉంటే ఊరి ఎలిమెంటరీ స్కూల్లోని 3, 4, 5 తరగతులు అక్కడికి పోవాలి. అంతకు ముందు ఏడాది ఈ దూరం 250 మీటర్లే. ఊరి బడిలో ఒకటీ రెండూ తరగతులు, ఓ మాస్టారు, పక్కన అంగన్‌వాడీ మిగులుతాయి. ఆ తర్వాత ప్రభుత్వం మారింది. 2025 మే 13న జీవో 117ని పక్కనపెట్టి జీవో 19, 20, 21 తెచ్చారు. బడులు తొమ్మిది రకాలయ్యాయి. మోడల్ ప్రైమరీ స్కూలన్నారు, తరగతికో టీచరన్నారు. మంచిదే అనుకున్నాం. జూన్ 12న బడులు తెరిచేసరికి మళ్ళీ కొన్ని ఊళ్ళలో పిల్లలు రోడ్డెక్కారు, ఎందుకంటే ఆ మోడల్ స్కూలు వాళ్ళ ఊళ్ళో లేదు, పక్క ఊళ్ళో ఉంది. మూడేళ్ళ కిందట అక్కలు కూర్చున్న చోట ఈసారి చెల్లెళ్ళు కూర్చున్నారు.

దీన్ని ఎవరూ కోత అనరు. రేషనలైజేషన్ అంటారు, మ్యాపింగ్ అంటారు, పునర్వ్యవస్థీకరణ అంటారు. ఇన్ని బరువైన మాటలు వాడితే లోపల ఏదో తేలికైందని అర్థం చేసుకోవాలి. బడికయ్యే ఖర్చులో సింహభాగం టీచరు జీతమే. రెండు బడులు కలిస్తే ఒక టీచరు పోస్టు "మిగులు" అవుతుంది. మిగిలినదాన్ని ఇంకోచోటికి పంపొచ్చు, లేకపోతే ఆ టీచరు రిటైరయ్యాక నింపకుండా ఊరుకోవచ్చు. 2025లో మెగా డీఎస్సీ పేరున 16,347 టీచరు పోస్టులు ప్రకటించారు, ఆ మేరకు మెచ్చుకోవాలి. కానీ దేశంలో ఒక్క టీచరుతో నడిచే బడులు అన్నిటికంటే ఎక్కువున్న రాష్ట్రం మనదే. 2024-25 కేంద్ర లెక్కల ప్రకారం 12,900కి పైగా. విద్యాహక్కు చట్టం చూస్తే అరవై మంది లోపు పిల్లలున్న బడికి కూడా ఇద్దరు టీచర్లుండాలంటుంది.

ఒక్క టీచరు బడి ఎలా ఉంటుందో ఎప్పుడైనా కిటికీలోంచి చూశారా? అయిదు తరగతులు ఒకే గదిలో. ఒకటో తరగతి వాళ్ళు అ ఆలు దిద్దుతుంటే అయిదో తరగతి వాళ్ళు వాళ్ళని చూసుకుంటూ కూర్చుంటారు. మాస్టారు హాజరు యాప్‌లో వేయాలి, గుడ్డు ఫొటో తీయాలి, మరుగుదొడ్డి ఫొటో తీసిన రోజులూ ఉన్నాయి. ఆయనకు జ్వరమొస్తే బడికి జ్వరమొచ్చినట్టే. మండలాఫీసులో మీటింగుంటే బడికి సెలవే. కాబట్టి చిన్న బడులన్నీ బంగారు గనులని నేను అబద్ధమాడను. కలపమనేవాళ్ళ మాటలో నిజముంది, పదిమంది పిల్లలతో అయిదు తరగతులు ఈడ్చడం చదువు కాదు. అయితే ఆ మాట అక్కడితో ఆపకూడదు. పదిమందే ఎందుకు మిగిలారు?

ఇక్కడికొచ్చేసరికి మనందరం అరుగు మీద కాస్త సర్దుకుని కూర్చుంటాం.

పొద్దున్నే ఎనిమిదింటికి మన వీధుల్లో ఎన్ని పసుపు వ్యాన్లు తిరుగుతాయో లెక్కపెట్టండి. మండలంలో ఏ ఊరైనా అంతే. ఆ వ్యాన్లలో కూర్చున్నది మన పిల్లలు. ఎంపీపీ స్కూలు గుమ్మం ముందు నుంచే వాళ్ళు కాన్వెంటుకు వెళ్తారు. నా కొడుకుని నేనూ అలాగే పంపాను. నేను చదివింది సర్కారు బడిలోనే, పలక మీద ఉమ్ముతో తుడుచుకుంటూ. ఆ చదువుతోనే ఉద్యోగమొచ్చింది. ఆ ఉద్యోగం జీతంతో మావాణ్ణి ఆ బడి నుంచి తప్పించాను. వీధి వీధంతా అదే చేసింది. అందరం కలిసి ఖాళీ చేశాక ప్రభుత్వం వచ్చి లెక్కపెట్టింది. "పదకొండు మందే ఉన్నారు" అని రాసుకుంది. ఆ పదకొండు అనే అంకె మీద మొదటి సంతకం మనది, విద్యాశాఖ కమిషనరుది ఆ తర్వాతెప్పుడో.

మిగిలిన ఆ పదకొండు మంది ఎవరు? పేట పిల్లలు, రోజుకూలి ఇళ్ళ పిల్లలు, ఇటుక బట్టీ పనికి వలసొచ్చిన వాళ్ళ పిల్లలు. ఇంకో రకం కూడా ఉన్నారు, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది: కొడుకుని వ్యానెక్కించిన ఇంట్లోనే కూతురు. అన్నయ్య టై కట్టుకుంటుంటే చెల్లెలు ఉచితంగా ఇచ్చిన యూనిఫాం వేసుకుంటుంది. మన ఊళ్ళలో ఇది ఎవరూ దాచుకునే సంగతి కూడా కాదు. ఆ చెల్లెలి బడినే ఇప్పుడు దూరం జరిపారు.

కిలోమీటరే కదా అంటారు. కిలోమీటరని జీవోలో రాసినప్పుడు అది కాగితం మీద గీత. మనకు మాత్రం మధ్యలో ఏడీబీ రోడ్డు ఉంటుంది. రాజమండ్రి నుంచి సామర్లకోట దాకా గ్రావెల్ టిప్పర్లూ లారీలూ ఎలా పోతాయో మనకి చెప్పాలా? పెద్దవాళ్ళమే దాటడానికి రెండు నిమిషాలు ఆగుతాం. కాలవగట్టుంటుంది, వానాకాలం ఏలేరు పొంగితే మునిగే దారి ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లని పంపాలంటే అమ్మ కూలి మానుకోవాలి, లేకపోతే ఆటోకి నెలనెలా డబ్బు కట్టాలి. ఎలాగూ ఆటోకి కట్టేటప్పుడు ఇంకొంచెం వేసి కాన్వెంటుకే పంపుదాం అనుకుంటారు. అదీ చేతకాని వాళ్ళు పిల్లని ఇంట్లో తమ్ముడికి కాపలా పెడతారు. విద్యాహక్కు చట్టం నియమాల్లో అయిదో తరగతి దాకా కిలోమీటరు లోపల బడి ఉండాలని రాసింది, పిల్ల నడిచి వెళ్ళగలగాలని. పిల్ల కోసం పెట్టిన ఆ హద్దుని బడిని జరపడానికి కొలతగా వాడుకున్నారు. ఈ తెలివికి వీరతాడు వేయాలి.

డబ్బు లేదనే మాట కొత్తది కాదు. 1953లో మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు ముఖ్యమంత్రి రాజాజీ పల్లెటూరి పిల్లలకు ఒంటిపూట బడి పథకం పెట్టారు. ఉన్న పంతుళ్ళతోనే, ఎక్కువ ఖర్చు లేకుండా, రెండు షిఫ్టుల్లో ఎక్కువమందికి చదువు చెప్పొచ్చని లెక్క. మిగతా పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలి. కుమ్మరి కొడుకు కుమ్మరిగానే ఉండాలనా అని జనం తిరగబడ్డారు. ఆ అక్టోబరు 1న మనం విడిపోయి వచ్చేశాం. మరుసటి ఏడాది కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక అక్కడ ఆ పథకాన్ని ఎత్తేశారు, పల్లెల్లో బడులు పెంచారు, 1956లో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. అప్పటి మద్రాసు ఖజానా ఇప్పటి మన ఖజానా కంటే నిండుగా ఏమీ లేదు. 2013లో అమెరికాలో, షికాగోలో ఒకేసారి దాదాపు 50 ప్రభుత్వ బడులు మూశారు. కారణం అక్కడా అదే, పిల్లలు తక్కువున్నారని, ఖర్చు ఎక్కువని. మూతపడ్డవి ఎక్కువగా నల్లజాతి పిల్లల బడులు. అక్కడా విద్యార్థులు రోడ్డెక్కారు. అంత డబ్బున్న దేశంలోనూ ముందు చెయ్యి పడేది పేదవాడి బడి మీదే.

మనది ఇవ్వడం తెలియని ఊరు కాదు. బుచ్చిసీతయమ్మ మహారాణి పేరున ఇక్కడా కత్తిపూడిలోనూ సత్రాలున్నాయి. దారిన పోయే వాడికి, పేరు కూడా అడక్కుండా అన్నం పెట్టమని భూములు రాసింది ఆవిడ. ఆవిడ పేరుతోనే 1967 నుంచి మహారాణి కాలేజీ నడుస్తోంది, ఈ చుట్టుపక్కల డిగ్రీ చదివిన వాళ్ళలో సగం మంది ఆ గేటు దాటినవాళ్ళే. ఏరు దాటితే లంకల గన్నవరం అన్నదాత డొక్కా సీతమ్మగారు, ఆవిడ పేరే ఇప్పుడు బడి భోజనానికి పెట్టారు. ధవళేశ్వరంలో వీరేశలింగంగారు 1874లో ఆడపిల్లల బడి పెట్టినప్పుడు ఎంతమంది పిల్లలున్నారో లెక్కపెట్టి, చాలరని ఊరుకున్నారా? ఎవరూ పంపని రోజుల్లో పెట్టారు కాబట్టే ఇవాళ ఆ పేరు చెప్పుకుంటున్నాం. ఆయన కాలంలో మ్యాపింగ్ ఉండుంటే ఆ బడి మొదటి జూన్‌లోనే పోయేది.

ఆ వారసత్వం చెప్పుకునే వాళ్ళం, పిల్లలు రోడ్డు మీద కూర్చుంటే ఏం చేశాం? ఫోన్లో వీడియో తీశాం. "పాపం" అన్నాం. ఎవరో పార్టీ వాళ్ళు వెనక ఉండి కూర్చోబెట్టారని కూడా అన్నాం. ప్రభుత్వం మారితే అవతలి పార్టీ వాళ్ళూ అదే మాట అన్నారు. విద్యార్థి సంఘాలు జెండాలతో వచ్చిన చోట్లు ఉన్నాయి, నిజమే. జెండా లేకుండా వెళ్ళి నిలబడే పెద్దమనిషి ఒక్కడుంటే ఆ జెండా అవసరమయ్యేదా? తన బడి తనకు కావాలని చెప్పడానికి ఎనిమిదేళ్ళ పిల్ల ఎండలో కూర్చోవలసి రావడమే మన పెద్దరికానికి తీర్పు. ఆ పిల్లకి రేపు పద్దెనిమిదేళ్ళొస్తాయి. అప్పుడు ఓటడగడానికీ చందా అడగడానికీ ఆ ఇంటికే వెళ్తాం.

నేను ఉపవాసాలు చెయ్యమనడం లేదు, జైలుకు వెళ్ళమనడం లేదు. ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉంటుంది. చట్టం ప్రకారం అందులో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి. ఎన్నిక రోజు మాస్టారు కుర్చీలు వేసి ఎదురుచూస్తారు, కూలి మానుకుని నలుగురు తల్లులొస్తారు. వాళ్ళ మధ్య చదువుకున్న వాడు ఒక్కడు కూర్చుంటే, బడి జరుపుతున్నామని కాగితం వచ్చినప్పుడు "సమ్మతి" అని వేలిముద్ర వేయించుకుపోవడం అంత తేలిక కాదు. గ్రామసభలో తీర్మానం చెయ్యొచ్చు. రిటైరైన మాస్టార్లు ఈ ఊళ్ళో వీధికి ఇద్దరున్నారు. ఒంటరి టీచరుకి వారంలో రెండు పూటలు తోడు వెళ్ళొచ్చు. వీధి సంబరం చందాలో పదో వంతు తీసి పక్క ఊరికి నడవలేని పిల్లల ఆటోకి పెడితే మరిడమ్మ కోప్పడదని నా నమ్మకం. అయితే ఈ ఆటో చందాని చూపించి "మీరే చూసుకుంటున్నారుగా" అని బడిని ఇంకో రెండు కిలోమీటర్లు జరిపే ప్రమాదముంది. అందుకని చందాతో పాటు అర్జీ కూడా వెళ్ళాలి, రెండో టీచరు కావాలని, బడి ఊళ్ళోనే ఉండాలని. వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటుంది. అది ఇంట్లో మొదలవ్వాలి.

మొన్న దాని గురించే మా కోడలిని అడిగాను. మనవరాలు కాన్వెంటులో యూకేజీ, వచ్చే జూన్‌కి ఒకటో తరగతి. "ఎలిమెంటరీ స్కూల్లో వేద్దామా అమ్మా?" అన్నాను. గిన్నెలు తోముతున్న పిల్ల చెయ్యాపి, "మీ అబ్బాయిని ఎందుకు వెయ్యలేదు మావయ్యగారూ?" అంది.

నా దగ్గర జవాబు లేదు. కాసేపు పంపు నీళ్ళ చప్పుడే. మళ్ళీ తనే అంది: "అక్కడ ఒక్క టీచరమ్మే ఉంది. రెండో ఆవిణ్ణి వేస్తే ఆలోచిస్తాను. ముందు ఆ అర్జీ మీరు రాయండి, మొదటి సంతకం నేను పెడతాను. పక్కింటి వాళ్ళ చేత కూడా పెట్టిస్తాను, వాళ్ళ చిన్నదీ అదే ఈడు."

రాత్రి కూర్చుని రాశాను. మండల విద్యాశాఖాధికారి గారికి అని మొదలుపెట్టాను. పొద్దున్నకి దాని మీద ఆరు సంతకాలున్నాయి. అడుగున ఇంకా చాలా చోటుంది.