వచ్చినవానికొఱకు వాకిలి

ఆదాయ ధ్రువపత్రమునకై ఒకానొక ప్రభుత్వశాఖవారి వెబ్‌సైటును తెఱచిన గృహస్థునకు మొట్టమొదట దర్శనమిచ్చునవి ప్రముఖుల ఛాయాచిత్రములు, వానిక్రింద ఎడతెగక పరుగిడు ప్రకటనల పంక్తి, ఆపైని ‘మా గుఱించి’, ‘శాఖా నిర్మాణము’, ‘ఉత్తరువులు’ అను శీర్షికలు. తాను వచ్చిన పని మాత్రము వానిలో నెచ్చటను గానరాదు. ఆ పని ఏ విభాగమువారి యధీనమున నున్నదో ముందుగా నెఱిగినవానికే అందు దారి దొరకును.

ఈ దోషమునకు మూలము సాంకేతిక జ్ఞానలోపము కాదు, దృష్టిలోపము. కార్యాలయము తన యంతర్వ్యవస్థ ననుసరించి పుటలను పేర్చుకొనుచున్నది గాని, వచ్చువాని ప్రశ్న ననుసరించి పేర్చుట లేదు. గ్రంథాలయముల విషయమున మన దేశమున ఈ వివాద మేనాడో పరిష్కృతమైనది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధిపతి ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో నాల్గవది పాఠకుని కాలము వ్యర్థము కారాదని విధించుచున్నది. పుస్తకములను విషయక్రమమున నుంచుట, అరలయొద్ద స్పష్టమైన సూచికలను నిలుపుట ఆ సూత్రమునకు ఫలితములే. బ్రిటిషు ప్రభుత్వము 2012 అక్టోబరులో ప్రారంభించిన గవ్ డాట్ యూకే అను వెబ్‌సైటు ఈ న్యాయమునే పాటించి, శాఖల పేళ్లను వెనుకకు నెట్టి, వాహనపు పన్ను, పాస్‌పోర్టు, వివాహము మున్నగు జనుల పనులను ముందు నిలిపినది.

వెదకుటకు గూగుల్ ఉండగా ఈ కూర్పేల యని కొంద ఱందురు. కాని గూగుల్ తెచ్చి దింపునది వీధివాకిట గాదు, ఏ నడిమి గదిలోనో. కావుననే ప్రతి పుటయు తానేమో, తనకు పైనున్న పుట యేదో శిరోభాగముననే చెప్పవలెను. లంకెపై ‘ఇక్కడ నొక్కుడు’ అని కాక, నొక్కినచో నేమి లభించునో వ్రాయవలెను. శీర్షిక యనగా అక్షరములను లావుచేయుట మాత్రమే కాదు; అది శీర్షికయని యంత్రమునకును తెలియునట్లు గుర్తింపబడినప్పుడే, తెరను చదివి వినిపించు సాధనముపై నాధారపడిన అంధుడు శీర్షికనుండి శీర్షికకు దాటుచు తన కవసరమైన భాగమును చేరగలడు.

నియమములకు కొఱత లేదు. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ 2009లోనే ప్రభుత్వ వెబ్‌సైటులకు మార్గదర్శకములను కూర్చినది. కొఱతపడినది వినుట. మీసేవ కేంద్రమునకు వచ్చిన రైతు తన పొలపు లెక్కను ‘అడంగల్’ అనియో ‘పహాణీ’ అనియో అడుగును గాని, ఏ విభాగము పేరును ఉచ్చరింపడు. ఆ కేంద్రపు బల్లయొద్ద నొక మాసము వినవచ్చిన ప్రశ్నలను అడిగినవారి మాటలలోనే వ్రాసికొని, తఱచుగా వచ్చినవానిని పైని నుంచి పేర్చినచో మొదటి పుట సిద్ధమైనట్లే. ప్రముఖుల ఛాయాచిత్రములకు అడుగున చోటు మిగులకపోదు.