పాత పడవకి పాత ఇంజను

నేను ఇంజనీర్నే కానీ ఇంజన్ల గురించి నాకేం తెలీదు. ఈ ముక్క మా మావయ్యకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. పైగా నేనుండేది సికింద్రాబాద్ కార్ఖానాలో. "పేటకే కార్ఖానా అని పేరు, నీకు తెలీకపోతే ఇంకెవడికి తెలుస్తాదిరా" అంటాడు.

మావయ్యది ఉప్పాడ. 2004 సునామీ తర్వాత చేయించుకున్న చిన్న ఫైబరు బోటు వుంది. దానికి పొడుగాటి కడ్డీ చివర పంకా వుండే డీజిలు ఇంజను. పోయినేడాది సముద్రం మధ్యలో అది ఆగిపోయింది. రాత్రంతా అలల మీద ఊగి ఊగి, తెల్లారాక ఇంకో బోటు వాళ్ళు తాడు కట్టి లాక్కొస్తే బతికి బయటపడ్డారు. అత్తయ్య ఇప్పటికీ ఆ రాత్రి గురించి మాట్లాడదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో వేట నిషేధం కదా. ఆ విరామంలో మావయ్య ఫోను చేశాడు. "ఒరే అబ్బాయ్, సెకండ్ హాండు అవుట్‌బోర్డు ఇంజనొకటి దొరికింది. పాతిక హెచ్‌పీ అంట. అయిదువేలు బయానా ఇచ్చేశాను. ఓసారొచ్చి చూడు."

బయానా ఇచ్చేశాక చూడ్డమేంటో!

సరే, నేను చేయగలిగింది చదవడం ఒక్కటే. రాణిగంజ్‌లో మోటార్లు బాగుచేసే ఒకాయన దగ్గర కూడా రెండు సాయంత్రాలు కూచున్నా. తేలిందేంటంటే, మనం ఫోన్ కొనేటప్పుడు ర్యామ్ ఎంతో చూసినట్టు వీళ్ళు హెచ్‌పీ చూస్తున్నారు. అసలు మొదట చూడాల్సింది ఇంజన్ని కాదు, బోటుని. అవుట్‌బోర్డు బరువూ, తోపుడూ మొత్తం వెనక చెక్క మీదే పడతాయి. ఫైబరు లోపల దాచిన ఆ చెక్క ఇరవయ్యేళ్ళకి నాని పుచ్చిపోయుండొచ్చు. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే గట్టి చోట టకటక మంటుంది, పుచ్చిన చోట బోదగా వినిపిస్తుంది. మా బోటుకి ఒక మూల బోదగానే వుంది. దానికి పాతిక హెచ్‌పీ తగిలిస్తే ఇంజనుతో పాటు వెనక భాగం కూడా సముద్రానికి సమర్పయామి.

రెండోది కాలు పొడుగు. ఇంజను కాలు మామూలుగా 15 అంగుళాలు, లేదా 20 అంగుళాలు. బోటు వెనక ఎత్తుకి సరిపోకుండా పొట్టిదైతే పంకా గాలి పీల్చుకుని ఊరికే తిరుగుతుంది, మరీ పొడుగైతే నీళ్ళలో ఈడ్చుకుంటూ పోతుంది. ఈ కొలత అమ్మేవాడు చెప్పడు, మనమే టేపు పట్టుకెళ్ళాలి.

ఇక అమ్మేవాడి దగ్గరికెళ్ళాం. (ఊరు పేరెందుకులెండి.) వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి వేశా. వెచ్చగా వుంది! అంటే మేమొచ్చే ముందే ఓసారి తిప్పి వుంచాడు. చల్లటి ఇంజను ఎన్ని లాగుళ్ళకి అందుకుంటుందన్నదే అసలు పరీక్ష. కంప్రెషన్ చూస్తే రెండు సిలిండర్లకీ తేడా పది శాతం దాటింది. స్టార్ట్ చేశాక పక్కనుంచి సన్నటి నీటిధార గట్టిగా రావాలి, ఇంజన్ని చల్లబరిచే నీళ్ళు అవే. ఇక్కడ ఏదో నీరసంగా కారుతోంది. ఉప్పు పేరుకుపోయిందో, నీళ్ళు తోడే రబ్బరు రెక్కలు అరిగాయో. చివర్లో కింద గేరు ఆయిలు మర విప్పించా. పాలు కలిపిన కాఫీ రంగులో వచ్చింది. సీలు పోయి లోపలికి నీళ్ళెళ్ళాయన్నమాట. బిల్లు అడిగితే "అదెక్కడో వుందండీ" అన్నాడు, నంబరు ప్లేటు గీకేసి వుంది.

బయానా పోయింది. మావయ్య రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

నన్నడిగితే అసలు లెక్క ఇంధనంలో వుంది. పదిహేను హెచ్‌పీ టూ స్ట్రోక్ ఇంజను పూర్తి వేగంలో గంటకి ఆరు లీటర్ల దాకా పెట్రోలు తాగుతుంది, లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిలు అదనం. అదే తొమ్మిది హెచ్‌పీ డీజిలైతే గంటకి రెండు లీటర్లు. పెట్రోలు ధర మీకు తెలిసిందే. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇథనాల్ ఇరవై శాతం కలిసిన పెట్రోలు. అది గాల్లో తేమని లాక్కుంటుంది, పాత ఇంజన్ల రబ్బరు గొట్టాల్ని తినేస్తుంది. మరి అవుట్‌బోర్డు ఎందుకంటే తేలిక, ఒడ్డుకొచ్చేటప్పుడు పైకి ఎత్తేయొచ్చు, వేలంపాట మొదలయ్యేలోపు చేపతో తిరిగి రావొచ్చు. నిజమే. కానీ ఆ వేగం తెచ్చే డబ్బు పెట్రోలు ఖర్చుని మించాలి కదా!

ఇంకో మాట. బ్రాండు పేరు చూసి మోసపోకండి. అవుట్‌బోర్డు వ్యాపారాన్ని 1909లో నిలబెట్టిన ఎవిన్‌రూడ్ కంపెనీ ఇంజన్ల తయారీనే 2020లో ఆపేశారు. పాత ఇంజను కొనడమంటే పాత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నెత్తినేసుకున్నట్టే. కోడ్ ఎంత గొప్పదన్నది కాదు, రేపు చెడిపోతే బాగుచేసే మనిషి, విడిభాగం దగ్గర్లో వున్నాయా అన్నదే ప్రశ్న.

చివరికి మావయ్య ఏం చేశాడంటారా? వెనక చెక్క మార్పించాడు. తన పక్క బోటాయన పెద్ద ఇంజను కొనుక్కుని, పాత తొమ్మిదిన్నొర హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ అమ్ముతుంటే తీసుకున్నాడు. అది ఎన్నేళ్ళు ఎలా వాడారో కళ్ళారా చూసినదే, రిపేరు చేసే కుర్రాడు కాకినాడలోనే వుంటాడు. అన్నిటికన్నా పెద్ద పరీక్ష అదే అనిపించింది, నా సుత్తీ టేపూ దాని తర్వాతే.

జూన్ 14 రాత్రి బోటు బయల్దేరింది. అత్తయ్య మాత్రం ఇంజన్ని నమ్మలేదు, రెండు తెడ్లు కూడా ఎక్కించేదాకా కదలనివ్వలేదు. మా ఇంట్లో అసలు ఇంజనీరు ఆవిడేనేమో!