నరాల బాధా? మనసు బాధా?

ప్రశ్న: మా అక్కయ్య హ్యూస్టన్‌లో ఉంటోంది. వాళ్ల పక్కింట్లో మెక్సికో నుంచి వచ్చిన ముసలావిడ ఉంది. భర్త పోయిన కొన్నాళ్లకు ఆవిడ ఒళ్లంతా వణుకుతూ, గుండెల్లోంచి తలకు వేడి తన్నుతోందని కేకలు పెట్టిందట. ఆస్పత్రిలో పరీక్షించి గుండె బాగానే ఉందన్నారు. ఆవిడ మాత్రం "నెర్వియోస్" అంటోందట. ఇదేం జబ్బు? అక్కయ్య దగ్గరికి వెళ్లినప్పటి నుంచి మా అమ్మ కూడా నరాలు లాగుతున్నాయంటోంది. - ఒక సోదరి, తెనాలి

జవాబు: "నెర్వియోస్" అంటే స్పానిష్ భాషలో నరాలు. మన వాళ్లు "నరాల బలహీనత" అన్నట్లే, నిద్రలేమి, దడ, దిగులు, చిరాకు అన్నిటినీ వారు ఆ ఒక్క మాటలో చెబుతారు. మీరు రాసిన వణుకు, కేకలు, వేడి ఎక్కడం వంటి లక్షణాలను "అతాకె దె నెర్వియోస్" అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన రోగనిర్ణయ గ్రంథంలో దీని ప్రస్తావన ఉంది. ఇది నటన కాదు. అలాగని ప్రతిసారీ మానసిక వ్యాధీ కాదు. అయితే దీని వెనుక డిప్రెషన్ దాగి ఉండవచ్చు. గుండెలో బాధ అన్నప్పుడు ముందు గుండెను పరీక్షించడం మాత్రం తప్పనిసరి.

చిక్కంతా తరువాతే. డాక్టరుకు స్పానిష్ రాదు, అవ్వకు ఇంగ్లీషు రాదు. మధ్యలో మనవడిని కూర్చోబెడతారు. "నాకు బతకాలని లేదు" అన్న మాట ఏ అవ్వయినా మనవడి నోట చెప్పిస్తుందా? "ఒళ్లు నొప్పులు" అని సరిపెడుతుంది. నొప్పి మాత్రలతో ఇంటికి వస్తుంది. అందుకే అక్కడ ప్రభుత్వ నిధులు పొందే ఆస్పత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలని నిబంధన ఉంది. "ప్రొమొతోరా"లనే ఆరోగ్య కార్యకర్తలు కూడా ఉన్నారు. వీరు ఆ పేటవారే, ఆ భాషవారే. ఇంటికి వచ్చి మాట్లాడతారు. పిచ్చివాళ్లంటారేమోనన్న భయం వారి దగ్గర తగ్గుతుంది.

వయసు మళ్లాక మనసుకు వైద్యమేమిటని అనుకోకండి. 60 ఏళ్లు దాటిన 1801 మందిపై అమెరికాలో జరిగిన పరిశీలన 2002లో వెలువడింది. మామూలు క్లినిక్కులోనే ఒక కార్యకర్త తరచూ పలకరించి చికిత్స చూసుకున్నవారిలో, ఏడాదికి 45 శాతం మందికి లక్షణాలు సగమో అంతకంటే ఎక్కువో తగ్గాయి. మామూలు వైద్యం పొందినవారిలో 19 శాతం మందికే తగ్గాయి. లాటినో వృద్ధులూ అందులో ఉన్నారు.

ఇక మీ అమ్మగారి సంగతి. "అమెరికాలో నీకేం లోటు?" అని మాత్రం అనకండి. ఇరుగుపొరుగు, భాష, గుడి, సొంత వంటిల్లు అన్నీ ఒక్కసారిగా పోయాయి కదా! బి.పి., షుగరు, థైరాయిడ్, బి-12 పరీక్షలు చేయించండి. డాక్టరు దగ్గర తెలుగు దుబాసీని అడగమని అక్కయ్యకు చెప్పండి. కాసేపు ఆమెను డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వాలి. మందులు రాస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో సొంతంగా మానకూడదు.

తిండి మానేసినా, చావు మాట ఎత్తినా అదే రోజు చూపించాలి. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అమెరికాలో 988కి ఫోను చేయవచ్చు. స్పానిష్‌లోనూ మాట్లాడతారు. మన దేశంలో 14416కి చేస్తే తెలుగులోనే సలహా దొరుకుతుంది.

నరాలు లాగుతున్నాయని పెద్దలంటే, నరాలతోపాటు మనసునూ పరీక్ష చేయించండి.