పెట్టెలో పెట్టే కాగితం



మొన్న ఒక భూస్థాపనలో పెట్టె మూత వేయబోతుంటే ఆ ఇంటి పెద్దకొడుకు వాళ్ల నాయన బాప్తిస్మపు సర్టిఫికెట్టు తెచ్చాడు. "అయ్యగారూ, దీన్ని ఎదమీద పెట్టమంటారా? పైన అడిగితే చూపించుకుంటాడు" అన్నాడు. "వద్దులే అబ్బీ" అన్నాను. కొందరు నొచ్చుకున్నారు. ఎందుకు వద్దన్నానో చెప్తాను.

ఇది కొత్త పని కాదు. ఐగుప్తీయులు మూడు వేల ఏండ్ల కిందటే చేశారు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఒక ఐగుప్తు మమ్మీ ఉంది. శవాన్నే అంత భద్రం చేసిన ఆ జనం, చావు తర్వాతి దారికి పపైరస్ చుట్టల మీద మంత్రాలు రాయించి సమాధిలో పెట్టేవాళ్లు. వాటిని ఇప్పుడు 'మృతుల గ్రంథం' అంటున్నారు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆనీ అనే లేఖకుని చుట్ట పొడవు సుమారు 24 మీటర్లు. అలాంటి చుట్టలు కొన్ని ముందే రాసిపెట్టి, పేరు చోటు ఖాళీగా ఉంచేవాళ్లు. కొన్నవాని పేరు అందులో నింపేవాళ్లు.

వాళ్ల నమ్మకంలో పాతాళంలో ఒక త్రాసు ఉంటుంది. ఒక తట్టలో చనిపోయినవాని గుండె, రెండో తట్టలో సత్యానికి గుర్తయిన ఈక. గుండె బరువైతే మొసలి తల ఉన్న మృగం దాన్ని మింగేస్తుంది. ఆ మనిషి 42 మంది దేవతల ముందు నేను దొంగిలించలేదు, తూకంలో మోసం చేయలేదు అని చెప్పుకోవాలి. ఇంకో ఏర్పాటు కూడా ఉంది. నాకు విరోధంగా సాక్ష్యం చెప్పవద్దని గుండెనే బతిమాలుకునే మంత్రాన్ని రాతి పురుగు బొమ్మ మీద చెక్కి, ఎదమీద పెట్టేవాళ్లు. నోరు ఏం చెప్పినా గుండెకు నిజం తెలుసు గదా!

నేను వాళ్లను ఎగతాళి చేయను. తీర్పు ఉందనీ, దొంగ కాటా అక్కడ లెక్కకు వస్తుందనీ వాళ్లకు తెలుసు. మనమే మరిచిపోయాం.

తప్పు ఆ అబ్బిది కాదు, మా కాపరులది. సర్టిఫికెట్టును పరలోకపు టికెట్టులాగా చేతికిచ్చింది మేమే. బుడ్డల తూకంలో కొట్టినవాణ్ణి, తమ్ముని గట్టు జరిపినవాణ్ణి ఆదరణ కూటంలో మైకు పట్టుకుని పరిశుద్ధుడన్నాం. నేనూ అన్నాను. కానుక కవరూ తీసుకున్నాను. ఐగుప్తు లేఖకుడు ఖాళీలో పేరు నింపినట్టే నేనూ నింపాను.

"పోయినోళ్ల గురించి మంచే చెప్పాలి గదయ్యా" అంటారు. ఇంటివాళ్లను ఆదరించడానికి క్రీస్తు పునరుత్థానం ఉంది, అబద్ధం అక్కరలేదు. పైగా ఆ కూటంలో గట్టు జరిపినవాళ్లు ఇంకా బతికి కూర్చుని ఉంటారు. నాకూ ఇంతే చాలులే అనుకుని లేచిపోతారు.

సిలువ మీది దొంగ దగ్గర ఏ కాగితమూ లేదు. తన నేరం తానే ఒప్పుకుని యేసు వైపు చూశాడు. జక్కయ్య బతికుండగానే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. గుండె నోరు మూయించమని వాక్యం ఎక్కడా చెప్పదు, ఒప్పుకోమంటుంది. 1 యోహాను 1:9 ఈ రాత్రి ఇంట్లో అందరూ కలిసి చదవండి.

సర్టిఫికెట్టు బీరువాలోనే ఉండనీయండి. ఎవరికైనా బాకీ ఉంటే, ఎవరి గట్టయినా జరిపి ఉంటే, ఆదివారం లోపల వాళ్ల గడప తొక్కండి. ఒక్కరే పోవడానికి సిగ్గయితే నన్ను పిలవండి, వెంట వస్తాను.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.