బిళ్ల నుంచి మళ్లీ పక్షి మీదికా?

ట్రాప్ షూటింగ్‌లో ఒక నియమం ఉంది. గాల్లోకి లేచిన బిళ్ల నుంచి కంటికి కనిపించే ముక్క ఒక్కటి రాలినా గురి తగిలినట్టే లెక్క. బిళ్ల పొడిపొడి అయినా, అంచు కాస్త చెక్కుకుపోయినా పాయింటు ఒక్కటే. ఒలింపిక్స్‌లో వాడే ఈ క్లే పిజన్ వ్యాసం 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. షాట్‌గన్ తూటాలో 24 గ్రాముల సీసం ఉంటుంది. అంటే దాదాపు 300 పెల్లెట్లు ఒక్కసారిగా గుంపుగా వెళతాయి. ఆ గుంపు అంచున ఉన్న ఒకటో రెండో పెల్లెట్లు తాకి బిళ్ల పగిలినా షూటర్‌కు దక్కాల్సింది దక్కుతుంది.

బిళ్ల స్థానంలో పావురం ఉంటే ఆ ఒకటి రెండు పెల్లెట్లతో అది వెంటనే చావదు. రెక్క విరిగో, పొట్టలో సీసంతోనో ఎగిరిపోయి ఏ పొదలోనో పడి, గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి బాధపడి చస్తుంది. బిళ్ల ఆటలో నేర్పుగా లెక్కకు వచ్చిన దెబ్బే పక్షి విషయంలో హింస అవుతోంది. క్లే షూటింగ్‌లో చేయి తిరిగినవారిలో కొందరు ‘ఇక అసలు పరీక్ష’ అంటూ బతికున్న పావురాల పోటీలకు వెళ్లడాన్ని బేరీజు వేయాలంటే ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి. స్పెయిన్‌లో, మెక్సికోలో, అమెరికాలో కొన్నిచోట్ల ఇలాంటి పోటీలు ఇంకా ఉన్నాయి. వాటికి వెళ్లేవారు తాము ఒక మెట్టు ఎక్కామనుకుంటారు. ఈ ఆట నడిచి వచ్చిన దారి చూస్తే అది వెనక్కి దిగడమేనని తెలుస్తుంది.

ఆట పుట్టింది పావురాలతోనే. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో పావురాలను పెట్టెల్లో బంధించి, తాడు లాగి మూత తెరిచి, అవి లేవగానే కాల్చేవారు. లండన్‌లోని హర్లింగ్‌హామ్ క్లబ్ 1869లో మొదలైంది ఈ పోటీల కోసమే. కులీనులు, రాజవంశీయులు అక్కడ బారులు తీరేవారు. ఆ క్లబ్ గుర్తులో పావురం ఈనాటికీ ఉంది. పావురాల మీద కాల్పులు మాత్రం 1905లోనే ఆగిపోయాయి. 1921లో బ్రిటిష్ పార్లమెంటు బంధించి వదిలిన పక్షులపై కాల్పుల పోటీలను చట్టం చేసి మరీ నిషేధించింది.

అమెరికాలో ఈ ఆట ఇంకా పెద్దయెత్తున సాగింది. న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్‌లో 1881లో ఒకే పోటీ కోసం 20 వేల పాసెంజర్ పావురాలను తెప్పించారు. ఒకప్పుడు ఆకాశాన్ని కమ్మేసేంత గుంపులుగా ఎగిరిన జాతి అది. మాంసం వ్యాపారం, అడవుల నరికివేత దాని అంతానికి ప్రధాన కారణాలు. తుపాకీ పోటీలు తమ వంతు చేశాయి. ఆ జాతిలో మిగిలిన చివరి పక్షి మార్తా 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయింది.

పక్షికి బదులు మరేదైనా వాడవచ్చన్న ఆలోచన కూడా ఆ కాలంలోనే వచ్చింది. 1860ల్లో గాజు బంతులు రంగంలోకి వచ్చాయి. కొన్నింటిలో ఈకలు కూరేవారు. బంతి పగలగానే ఈకలు గాల్లో చెదిరితే చూసేవారికి పక్షిని కొట్టినట్టే అనిపించాలని. ఆడమ్ బొగార్డస్ అనే పేరుమోసిన షూటర్ ఆ బంతుల్ని విసిరే యంత్రానికి మెరుగులు దిద్దాడు. అయితే బంతి ఎగిరే తీరు పక్షిలా ఉండేది కాదు. 1880లో జార్జ్ లిగోవ్‌స్కీ పళ్లెం ఆకారపు మట్టి బిళ్లకు పేటెంట్ తీసుకున్నాడు. అతనిది సిన్సినాటి, మార్తా కన్నుమూసిన ఊరే. తొలి బిళ్లలు కాల్చిన మట్టివి. గట్టిగా ఉండి, పెల్లెట్ తగిలినా ఒక్కోసారి పగిలేవి కావు. తర్వాత కీలు, సున్నపురాయి పొడి కలిపి చేయడం మొదలుపెట్టాక ఇప్పటి బిళ్ల తయారైంది. చౌక, ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు, పోటీదారులందరికీ ఒకే రకం గురి. ఆట ఊరూరికీ పాకింది ఈ బిళ్ల వల్లే.

1900లో పారిస్ ఒలింపిక్స్ సందర్భంగా బిళ్ల పోటీ, పావురాల పోటీ రెండూ పక్కపక్కనే నడిచాయి. క్లే పోటీలో ఫ్రాన్స్‌కు చెందిన రోజర్ డి బార్బరిన్ గెలిచాడు. బతికున్న పావురాల పోటీలో బెల్జియం షూటర్ లియోన్ డి లుండెన్ 21 పక్షులతో మొదటి స్థానంలో, ఫ్రెంచ్ షూటర్ మారిస్ ఫౌర్ 20తో రెండో స్థానంలో నిలిచారు. ఆ పోటీలో చచ్చిన పక్షులు 300 దాకా ఉంటాయి. అది అసలు ఒలింపిక్ పోటీయేనా అని చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు. ఆ వాదన ఎలా తేలినా, ఒలింపిక్స్‌లో మళ్లీ అలాంటి పోటీ జరగలేదు. బిళ్ల మాత్రం స్థిరపడిపోయింది.

పావురాల వైపు మొగ్గేవారి వాదనలో కొంత నిజం ఉంది, దాన్ని కాదనకూడదు. యంత్రం నుంచి వెలువడే క్షణంలోనే బిళ్లకు వేగం ఎక్కువ, గంటకు వంద కిలోమీటర్లకు పైనే. అక్కడి నుంచి ప్రతి మీటరుకూ తగ్గుతూ పోతుంది. పక్షి తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. నెమ్మదిగా లేచి వేగం పుంజుకుంటుంది. బిళ్ల ఎక్కడి నుంచి వస్తుందో, ఎంత కోణంలో పోగలదో ముందే తెలుసు. పక్షి గాలిని బట్టి, భయాన్ని బట్టి చటుక్కున దారి మారుస్తుంది. గురి ఎంత ముందుకు పెట్టాలన్న లెక్క బిళ్ల ఆటలో ఒంటబట్టినవారికి ఇక్కడ తప్పుతుంది. ఏళ్ల తరబడి క్లే ఆడినవారు మొదటి పక్షుల్ని వదిలేసుకోవడానికి కారణం ఇదే.

కానీ అదే తేడాలో అసలు ప్రమాదం దాగి ఉంది. క్లే పోటీలో ప్రతి బిళ్లనూ కాల్చి తీరాలి. కాల్చకపోతే పాయింటు పోయినట్టే. దూరమైనా, కోణం కుదరకపోయినా అదృష్టాన్ని నమ్ముకుని మీట నొక్కడం అక్కడ తప్పేమీ కాదు. కాల్చకుండా ఆగిపోవడం అనే నేర్పును ఏ క్లే మైదానమూ నేర్పదు. ప్రాణమున్న పక్షి ఎదుట మొట్టమొదట కావలసిన నేర్పు అదే. ఆ ఒక్కటీ లేనివాడిని తెచ్చి పెట్టెల ముందు నిలబెడితే, దక్కినంతలో దక్కనీ అన్న అలవాటుతోనే కాలుస్తాడు.

పోటీ నియమాలు కూడా అతన్ని అటే తోస్తాయి. బాక్స్ పోటీల్లో వరుసగా అయిదు పెట్టెలుంటాయి. ఏది తెరుచుకుంటుందో షూటర్‌కు తెలియదు. పక్షిపై రెండుసార్లు కాల్చవచ్చు. అది మైదానం చుట్టూ ఉన్న కంచె లోపల పడితేనే లెక్క. కంచె దాటి పడిన పక్షి అక్కడే చచ్చినా స్కోరు పుస్తకంలో ‘పోయింది’ అనే రాస్తారు. ఎంత బాధపడింది, ఎప్పటికి చచ్చింది అన్న వాటికి ఆ పుస్తకంలో గడి లేదు. స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాంతంలో పెట్టెలకు బదులు ఒక మనిషి పావురాన్ని చేత్తో విసురుతాడు. అది వంకరటింకరగా ఎగరాలని ముందే తోక ఈకలు కొన్ని పీకుతారు. సహజమైన పక్షితో పరీక్ష అన్న మాట ఇక్కడ నిలవదు. ఆటకు పనికొచ్చేలా పక్షిని మలుస్తున్నారు.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో హెగిన్స్ అనే చిన్న ఊరుంది. 1934 నుంచి అక్కడ ఏటా లేబర్ డే నాడు పావురాల పోటీ జరిగేది. వచ్చిన డబ్బు ఊరి పార్కు నిర్వహణకు పోయేది. గాయపడి మైదానంలో కొట్టుకునే పక్షులను ఏరి మెడలు విరిచే పని ఊరి పిల్లలకు అప్పగించేవారు. ఆ దృశ్యాలు దేశమంతా చూశాక ఏటేటా నిరసనలు వెల్లువెత్తాయి. 1999లో జంతుహింస నివారణ అధికారులు అక్కడ కేసులు పెట్టవచ్చని రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక నిర్వాహకులు పోటీని ఎత్తేశారు. రాష్ట్రమంతటా నిషేధం తెచ్చే ప్రయత్నం మాత్రం ముందుకు సాగలేదు. 2014లో సెనేట్ ఆమోదించిన బిల్లు ప్రతినిధుల సభలో ఓటింగు దాకా రానేలేదు.

పొలాల్లో అడవి పావురాల వేట వేరే సంగతి, దాన్ని దీనితో కలిపి చూడకూడదు. ఇంగ్లండ్‌లో ఆవ, బఠానీ, ధాన్యం పంటలపై ఉడ్ పిజన్లు గుంపులుగా వాలి నష్టం చేస్తాయి. అక్కడ సాధారణ లైసెన్సు కింద వాటిని కాల్చవచ్చు. అయితే ఆ లైసెన్సు పంటను కాపాడుకోవడానికే, సరదా వేటకు చెల్లదు. వైల్డ్ జస్టిస్ అనే సంస్థ వేసిన సవాలుతో 2019 ఏప్రిల్‌లో పాత లైసెన్సులు రద్దయ్యాయి. కొంతకాలం రైతులు తలలు పట్టుకున్నాక, కొత్త షరతులతో మళ్లీ ఇచ్చారు. పంట పోతున్న రైతు తుపాకీ ఎత్తడాన్ని నేను తప్పుపట్టను. పెంచి, బంధించి, వదిలి, చంపి, దానికి బహుమతి పెట్టడం వేరు.

ఎటు తిరుగుతుందో తెలియని గురి కావాలన్న కోరికకు సమాధానం కూడా ఇప్పటికే ఉంది. పావురాల పోటీలు మూతపడుతున్న 1960ల్లో బెల్జియంలో హెలిస్ పుట్టింది. రెండు ప్లాస్టిక్ రెక్కలు, మధ్యలో తెల్లటి మూత. గిర్రున తిరుగుతూ, గాలికి తూలుతూ, ఎటు పోతుందో ఊహకు అందకుండా లేస్తుంది. తెల్ల మూత విడిపోయి కంచె లోపల పడితేనే పాయింటు. అయిదు యంత్రాలు, రెండు తూటాలు, అదే కంచె. పాత ఆటలోని ప్రతి చిక్కూ అందులో ఉంది, పక్షి తప్ప. ఇది చేతిలో ఉండగా ‘బిళ్ల సులువైపోయింది, అందుకే పావురం’ అనేవారి మాటకు బలం లేదు.

మన దేశంలో ఈ ప్రశ్నకు చట్టం ఎప్పుడో జవాబు చెప్పింది. రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల ఫలితంగా వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 11వ సెక్షన్‌లోనే బంధించిన జంతువులను వదిలి కాల్చే పోటీలు పెట్టడాన్ని, అందులో పాల్గొనడాన్ని నేరమంది. ఆ చట్టం వచ్చిన ఏడాదే లోక్‌సభ సభ్యుడు, బికనీర్ మహారాజు కర్ణీ సింగ్ రోమ్ ఒలింపిక్స్‌లో క్లే ట్రాప్ ఆడాడు. రెండేళ్ల తర్వాత కైరో ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చాడు. పక్షుల వేటకు పేరుపడ్డ రాజవంశం నుంచి వచ్చి, బిళ్ల ఆటలో దేశానికి పేరు తెచ్చిన మనిషి. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ రాథోడ్ రజతం తెచ్చింది కూడా బిళ్లలతోనే. హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల ట్రాప్‌లో వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం గెలిచాడు. వీరి నేర్పును నిరూపించడానికి ఒక్క పావురమూ చావనక్కర్లేదు.

చట్టంలోని లోటు శిక్షలో ఉంది. 11వ సెక్షన్ కింద మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. 1960లో ఆ మొత్తాలకు విలువుండేది. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరులు ఏటా ఎందుకు వెలుస్తున్నాయో అడిగేవారు ఈ అంకెల్ని కూడా చూడాలి. జంతువులను కొట్లాటకు ఉసిగొల్పడాన్ని నిషేధించిన నిబంధన కూడా అదే సెక్షన్‌లో ఉంది. శిక్ష పెంచాలని 2014లో జల్లికట్టు కేసు తీర్పులో సుప్రీంకోర్టు పార్లమెంటుకు సూచించింది. 2022లో కేంద్రం సవరణ ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. ఆ సవరణను పార్లమెంటుకు తెచ్చి, ఆమోదింపజేసే పూచీ ప్రభుత్వానిదే. విదేశాల్లో గన్ క్లబ్బుల్లో చేరుతున్న మన యువకులకు ఒక్క విన్నపం: పావురాల పోటీకి పిలుపు వస్తే వెళ్లకండి. బిళ్ల చాలదనిపిస్తే, హెలిస్ మైదానం ఎక్కడుందో కనుక్కోండి.